అనాతోతు పొలం, జల్‌పల్లి ప్లాటు



"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. పెళ్లికి సిద్ధపడే యువతీ యువకులకు మన విచారణలలో వివాహ సిద్ధపాటు తరగతులు జరుగుతాయి. ఇల్లు కొనేవారికి మాత్రం అలాంటి తరగతి ఏదీ లేదు. ఒక కుటుంబం తన జీవితకాలంలో చేసే అతి పెద్ద ఖర్చు ఇదే. 20 ఏళ్లు మెడ మీద మోయవలసిన అప్పు కూడా ఇదే. ఇంత పెద్ద విషయంలో మనకు సలహా చెప్పేది ఎవరు? కమీషను పుచ్చుకునే మధ్యవర్తి, మొన్ననే కొన్న బావమరిది, టీవీలో వచ్చే ప్రకటన. అందుకే ఈ వారం ఈ సంగతిని దేవుని వాక్యం వెలుగులో ఆలోచించుకుందాం.

హైదరాబాదు పాతబస్తీకి దక్షిణాన, చాంద్రాయణగుట్ట దాటి శ్రీశైలం రోడ్డు వైపు సాగితే పహాడీషరీఫ్, జల్‌పల్లి వస్తాయి. పేరులోనే జలం వినబడే ఊరు. చెరువులూ, రాతి గుట్టలూ ఉన్న ఊరు. 2008లో శంషాబాదులో విమానాశ్రయం మొదలయ్యాక ఆ చుట్టుపక్కల భూమి ఎకరాల లెక్క మాని గజాల లెక్కలోకి వచ్చేసింది. నగరం నడుమ అద్దెలు కట్టలేని అన్ని మతాల పేదలూ, చిన్న ఉద్యోగులూ ఇక్కడ 60 గజాలో, 100 గజాలో కొని రెండు గదులు వేసుకోవాలని ఆశపడతారు.

అలాంటి ఒక కుటుంబాన్ని మనసులో ఉంచుకోండి. భర్త విమానాశ్రయంలో సరుకు దించే పని చేస్తాడు. భార్య ఆసుపత్రిలో ఆయా. ఇద్దరు పిల్లలు. పదకొండు నెలలకోసారి ఇంటి యజమాని అద్దె పెంచుతాడు. ఇల్లు మారిన ప్రతిసారీ "మీరెవరు? ఏ ఊరు? ఏ కులం? ఇంట్లో ఏం వండుతారు?" అనే ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. గోడకు మేకు కొట్టి తిరుహృదయ పటం తగిలించాలన్నా యజమానిని అడగాలి. ఒకరోజు ఒక మధ్యవర్తి వచ్చి, "జల్‌పల్లిలో ఒక ప్లాటు ఉంది, గజం బయట ధరలో సగానికే ఇప్పిస్తాను, ఈ వారంలో బయానా ఇవ్వకపోతే చెయ్యి జారిపోతుంది" అంటాడు. ఆ రాత్రి ఆ భార్యాభర్తలకు నిద్ర పడుతుందా?

ఇలాంటి కుటుంబాలు మన ప్రతి విచారణలోనూ ఉన్నాయి. ఊరి పేరు వేరు కావచ్చు, అంతే. బెజవాడలో, వరంగల్లులో, విశాఖలో వారిని వేధిస్తున్న ప్రశ్న ఒక్కటే: ఇప్పుడు కొనాలా, ఆగాలా?

సొంత ఇంటి ఆశ పాపమా?

కొందరు భక్తులు సొంత ఇంటిని కోరుకోవడమే లోకాశ అనుకుంటారు. శ్రీసభ అలా అనలేదు. 1891లో 13వ లియో పోపు గారు 'రేరుమ్ నోవారుమ్' అనే విశ్వలేఖలో ఈ విషయాన్ని ప్రస్తావించారు. కార్మికుడు పొదుపుగా బతికి, మిగిల్చిన సొమ్ముతో కొనుక్కున్న చిన్న భూమి రూపం మారిన అతని కూలియేనని ఆయన బోధ సారాంశం. 1987లో, ఐక్యరాజ్య సమితి నిరాశ్రయుల సంవత్సరంగా ప్రకటించినప్పుడు, వాటికను న్యాయ శాంతి సంఘం గృహవసతి మీద ప్రత్యేకంగా ఒక పత్రమే వెలువరించింది. 2015లో ఫ్రాన్సిస్ పోపు గారు 'లౌదాతో సీ' విశ్వలేఖలో, సొంత ఇల్లు కలిగి ఉండటానికీ మనిషి గౌరవానికీ, కుటుంబాల ఎదుగుదలకూ దగ్గరి సంబంధం ఉన్నదని గుర్తుచేశారు. కాబట్టి రెండు గదుల కోసం కలలు కనే తల్లి సిగ్గుపడనవసరం లేదు. ఆమె కోరుకునేది ఆడంబరం కాదు. తన పిల్లలను ఎవరూ "ఖాళీ చెయ్యండి" అనని ఒక చోటును.

అయితే మంచి ఆశకు కూడా తొందర తోడైతే ప్రమాదమే. మంచి ఆశను భయం మింగేయడమూ ప్రమాదమే. ఈ రెండు ప్రమాదాలూ మన నగరంలో కళ్లకు కట్టినట్టు కనబడ్డాయి.

కాళ్ల కింద కదిలే నేల

2020 అక్టోబరు 13న హైదరాబాదు మీద కుండపోతగా వాన కురిసింది. అదే వారంలో బాలాపూర్ గుర్రం చెరువుకు గండి పడి కింది బస్తీలను ముంచెత్తింది. అప్పటి జల్‌పల్లి మున్సిపాలిటీలోని ఉస్మాన్ నగర్‌లోకి బుర్హాన్‌ఖాన్ చెరువు నీరు వచ్చి, ఒకటి రెండు రోజులు కాదు, నెలల తరబడి నిలిచిపోయింది. చెమటోడ్చి కట్టుకున్న ఇళ్లకు తాళాలు వేసి, మళ్లీ అద్దె కొంపలు వెతుక్కున్నారు జనం. అద్దె తప్పించుకుందామని ఇల్లు కొన్నవారు ఇంటి అప్పూ, అద్దే రెండూ కట్టవలసి వచ్చింది. తప్పు వారిదేనా? చెరువు పొలాన్ని ముక్కలు చేసి అమ్మినవాడు ముందే తెలిసి అమ్మాడు. కొన్నవాడు వేసవిలో వచ్చి చూశాడు. ఎండిన నేల కనబడింది, కొన్నాడు.

తరువాత 2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం చెరువుల, ప్రభుత్వ స్థలాల రక్షణకు హైడ్రా అనే సంస్థను ఏర్పాటు చేసింది. ఆగస్టు 24న మాదాపూర్ తమ్మిడికుంట దగ్గర ఒక పెద్ద కన్వెన్షన్ హాలును కూల్చినప్పుడు చాలామంది చప్పట్లు కొట్టారు. సెప్టెంబరులో కూకట్‌పల్లి, అమీన్‌పూర్‌ల వంతు వచ్చినప్పుడు మాత్రం ఏడుపులు వినబడ్డాయి. "రిజిస్ట్రేషను అయింది, బ్యాంకు అప్పు ఇచ్చింది, ఇప్పుడు ఇల్లు లేదు, వాయిదా మాత్రం ఉంది" అన్న మాట ఆ రోజుల్లో ఎన్నో నోళ్ల నుంచి విన్నాం. ఆ కొన్ని నెలలూ చెరువు పేరు వింటేనే కొనేవారు వెనుకడుగు వేశారు. 'ఎఫ్‌టీఎల్', 'బఫర్ జోన్' అనే మాటలు కూరగాయల బజారులో కూడా వినబడ్డాయి.

వడ్డీల సంగతీ అంతే. 2020లో 4 శాతానికి దిగిన రిజర్వు బ్యాంకు రెపో రేటు 2023 ఫిబ్రవరి నాటికి 6.5 శాతానికి ఎక్కింది. 2025లో మళ్లీ దిగింది. తక్కువ వడ్డీ చూసి అప్పు తీసుకున్నవారికి మూడేళ్లు తిరగకుండానే వాయిదా పెరిగింది, లేదా అప్పు తీరే సంవత్సరాలు పెరిగాయి.

కాబట్టి సంత నిలకడగా ఉండే రోజు కోసం ఎదురు చూసేవారికి ఒక్క మాట: అలాంటి రోజు రాదు. ఏటి నీరంతా పారిపోయాక దాటుదామని ఒడ్డున కూర్చున్నవాని కథ అవుతుంది మనది. మరి ఏం చెయ్యాలి? ఇక్కడ పరిశుద్ధ గ్రంథంలో ఒక రిజిస్ట్రేషను కథ ఉంది. దానిని మనం పట్టించుకుని ఉండం.

ముట్టడి నడుమ ఒక బేరం

యిర్మీయా ప్రవక్త గ్రంథం 32వ అధ్యాయం తెరవండి. సిద్కియా రాజు పాలనలో పదవ ఏడు. బబులోను సేనలు యెరూషలేమును చుట్టుముట్టాయి. పట్టణంలో ఆకలి, తెగులు. ప్రవక్త స్వయంగా రాజభవన ప్రాంగణంలో బందీగా ఉన్నాడు. ఆ సమయంలో అతని పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, "అనాతోతులో ఉన్న నా పొలం కొనుక్కో, దాన్ని విడిపించుకునే హక్కు నీదే" అంటాడు. అనాతోతు యెరూషలేముకు దగ్గర ఊరే, కాని ఆ ప్రాంతమంతా శత్రువుల చేతుల్లో ఉంది. అంతకంటే అనిశ్చితమైన సంత ఎక్కడైనా ఉంటుందా? ఆ రోజు ఆ పొలానికి వేరే కొనుగోలుదారు దొరకడు.

అయినా యిర్మీయా కొన్నాడు. దేవుడు కొనమన్నాడు గనుక కొన్నాడు. ఈ దేశంలో మళ్లీ ఇళ్లూ, పొలాలూ, ద్రాక్షతోటలూ కొనే రోజులు వస్తాయని ప్రభువు చెప్పదలచిన వాగ్దానానికి ఆ బేరమే గుర్తు. అయితే, సహోదరులారా, అతడు ఆ పొలాన్ని ఎలా కొన్నాడో గమనించండి. మూడు పనులు చేశాడు.

ఒకటి: వెండిని తూచాడు

ధర 17 తులముల వెండి. ప్రవక్త గదా, దేవుడే చెప్పాడు గదా అని ఉజ్జాయింపుగా ఇచ్చెయ్యలేదు. సాక్షుల ముందు త్రాసులో తూచి ఇచ్చాడు. దైవభక్తి లెక్కలను రద్దు చెయ్యదు. బురుజు కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క వేసుకోవాలని లూకా సువార్త 14వ అధ్యాయంలో క్రీస్తు ప్రభువు కూడా చెప్పారు.

మనమూ తూద్దాం. 20 లక్షల అప్పు, 20 ఏళ్ల గడువు, 8.5 శాతం వడ్డీ అనుకోండి. నెలకు సుమారు 17,350 రూపాయలు కట్టాలి. గడువు తీరేసరికి కట్టేది దాదాపు 41 లక్షల 65 వేలు. తీసుకున్నదానికి రెట్టింపు కంటే ఎక్కువ. అదే వడ్డీ 7 శాతమైతే నెలకు 15,500. ఈ రెండు వాయిదాల మధ్య తేడా ఒక ఇంటి బియ్యం ఖర్చు. వడ్డీ మారే అప్పు తీసుకునేటప్పుడు ఈ రోజు వాయిదా కట్టగలమా అని కాదు, రెండు శాతం పెరిగినా కట్టగలమా అని చూసుకోవాలి. దీనికి తోడు తెలంగాణలో రిజిస్ట్రేషను ఖర్చు మొత్తం ఏడున్నర శాతం. 30 లక్షల ఇంటికి 2 లక్షల 25 వేలు. ఇది బ్యాంకు అప్పులో రాదు, చేతి నుంచి పెట్టుకోవాలి.

ఇక్కడే చాలామంది జారిపడతారు. చాలని సొమ్ము కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి చేబదులు తెస్తారు. నెలకు మూడు అంటే ఏడాదికి 36. బ్యాంకు వడ్డీకి నాలుగింతలు. ఇంటి వాయిదా ఆలస్యమైతే బ్యాంకు నోటీసు పంపుతుంది. చేబదులు ఆలస్యమైతే మనిషి గుమ్మంలోకి వస్తాడు. ఆ వడ్డీతో కొన్న ఇంట్లో పిల్లలు తండ్రి గొంతు వింటేనే భయపడతారు. ఇల్లు కొన్నాం గాని ఇంట్లో శాంతిని అమ్ముకున్నాం అనిపించుకోకండి. అన్ని వాయిదాలూ కలిపి ఇంటికి వచ్చే రాబడిలో మూడో వంతు దాటకుండా, ఆరు నెలల వాయిదాలకు సరిపడా సొమ్ము విడిగా ఉంచుకోగలిగితేనే ముందడుగు వెయ్యండి. అంతవరకూ చిట్టీలోనో, పోస్టాఫీసులోనో పొదుపు చేసుకోండి. ఆలస్యమైనందుకు ఎవరూ నరకానికి పోరు.

భర్తలకు ఒక మాట. భార్య ఒంటి మీద బంగారం కుదువ పెట్టే ముందు ఆమెను అడగండి. ఆమె తలూపితే చాలదు, మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. కొన్న ఇంటి కాగితంలో ఆమె పేరు కూడా రాయించండి. పెళ్లినాడు దేవుని సన్నిధిలో ఇద్దరూ కలిసి పలికిన మాటకు ఇంటి కాగితం కూడా సాక్షిగా ఉండనివ్వండి.

రెండు: పత్రాన్ని మట్టికుండలో పెట్టాడు

యిర్మీయా క్రయపత్రం రాయించాడు, సంతకం చేశాడు, ముద్ర వేశాడు, సాక్షుల చేత సంతకాలు చేయించాడు. ముద్ర వేసినది ఒకటి, తెరచి ఉంచినది ఒకటి, రెండు ప్రతులు. అందరూ చూస్తుండగా వాటిని బారూకు చేతికిచ్చి, చాలాకాలం చెడకుండా మట్టికుండలో దాచమన్నాడు. రేపు పట్టణం కాలిపోతుందని తెలిసినవాడు కూడా ఈ రోజు కాగితం సరిగా ఉండాలన్నాడు!

అంతకు ఎన్నో తరాల ముందు అబ్రహాము కూడా ఇలాగే చేశాడు. సారా సమాధి కోసం మక్పేలా గుహను కొన్నప్పుడు, ఎఫ్రోను ఉచితంగా ఇస్తానన్నా ఒప్పుకోలేదు. నగర ద్వారం దగ్గర, ఊరి పెద్దల ఎదుట 400 తులముల వెండి తూచి ఇచ్చాడు. ఆదికాండము 23వ అధ్యాయం ఆ బేరంలో పొలమూ, గుహా, హద్దుల్లోపలి చెట్లూ కూడా లెక్క చెబుతుంది. మన డాక్యుమెంట్లలో చివర రాసే షెడ్యూలు హద్దులు ఇవే గదా! పరదేశిగా ఉన్నవానికి చెదరని కాగితం ఎంత అవసరమో అబ్రహాముకు తెలుసు. పొట్ట చేతపట్టుకుని నగరానికి వచ్చిన మనకూ తెలియాలి.

పాతబస్తీ శివార్లలో ఎన్నో స్థలాలు నోటరీ కాగితం మీద చేతులు మారాయి. అగ్గువకు వస్తుంది, పని తొందరగా అయిపోతుంది. కాని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 100 రూపాయలకు పైబడిన స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు పత్రంతోనే చెల్లుతుంది. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ద్వారా జరిగే అమ్మకం హక్కును బదిలీ చెయ్యదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. నోటరీ స్థలాలను క్రమబద్ధీకరించడానికి 2023లో రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ఒక ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చిందంటే, ఎన్ని కుటుంబాలు ఆ కాగితాన్ని నమ్ముకుని ఉన్నాయో ఊహించండి. అలాంటి స్థలంలో ఇప్పటికే ఉంటున్నవారు అధైర్యపడవద్దు. మంచి న్యాయవాదిని కలిసి ఏ దారి ఉందో తెలుసుకోండి. కొత్తగా కొనేవారు మాత్రం ఆ దారిలోకి దిగవద్దు.

రిజిస్ట్రేషను అయినంత మాత్రాన అంతా సవ్యమని కూడా కాదు. రిజిస్ట్రారు కార్యాలయం జరిగిన బేరాన్ని నమోదు చేస్తుంది. అమ్మినవానికి నిజంగా హక్కు ఉందని పూచీ ఇవ్వదు. కాబట్టి బయానా ఇవ్వకముందే ఈ పనులు చెయ్యండి. 30 ఏళ్లకు ఈసీ తీయించండి. లింకు డాక్యుమెంట్లన్నీ చూడనిదే మాట ఇవ్వకండి. ఆ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూములు ఆ జాబితాలో ఉంటాయి. హెచ్‌ఎండీఏ చెరువుల పటాలను చూసి, పూర్తి నీటిమట్టం గీత ఎక్కడుందో తెలుసుకోండి. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఆ గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు ఖాళీగా వదలాలి. అపార్టుమెంటు అయితే రెరా నంబరు అడగండి. 2016 నాటి ఆ చట్టం ప్రకారం, రిజిస్టరు ఒప్పందం రాయకుండా బిల్డరు ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. 'ప్రీలాంచ్' అంటూ మొత్తం సొమ్ము ముందే ఇమ్మంటే, చట్టానికి అవతల నిలబడి పిలుస్తున్నాడని అర్థం.

వీటన్నిటికీ తోడు ఖర్చు లేని ఒక పని ఉంది. వానాకాలంలో వెళ్లి ఆ స్థలాన్ని చూడండి. పక్క వీధిలో పదేళ్లుగా ఉంటున్న ముసలమ్మను అడగండి, "అమ్మా, 2020లో నీళ్లు ఎంతవరకు వచ్చాయి?" అని. ఆమె గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తుంది. ఇసుక మీద కట్టిన ఇంటి ఉపమానంలో రెండు ఇళ్లూ ఎండాకాలంలో ఒక్కలాగే కనబడి ఉంటాయి. వాన కురిసి, వరద వచ్చినప్పుడే తేడా తెలిసింది. క్రీస్తు ప్రభువు ఆ మాట తన వాక్యాన్ని విని ఆచరించడం గురించి చెప్పారు, నిజమే. కాని జల్‌పల్లిలో ఆ ఉపమానం అక్షరాలా కూడా నిజమే.

మూడు: కొన్న తరువాత ప్రార్థించాడు

ఇది నాకు చాలా ఇష్టమైన ఘట్టం. కాగితాలు బారూకు చేతికిచ్చాక యిర్మీయా ప్రార్థనకు కూర్చున్నాడు. అది ధీమాతో చేసిన ప్రార్థన కాదు. "ప్రభూ, పట్టణం శత్రువుల చేతికి పోతోంది, అయినా పొలం కొనమన్నావేమిటి?" అన్న భావం ఆ ప్రార్థనలో ఉంది. అంటే ప్రవక్తకు కూడా కొన్న రాత్రి గుండె దడ తప్పలేదన్నమాట! తొలి వాయిదా కట్టిన రాత్రి నిద్రపట్టని యువ దంపతులారా, మీ భయం అవిశ్వాసం కాదు. దాన్ని దేవుని ముందు పెట్టండి. ఇద్దరూ కలిసి ఒక పరలోక జపం చెప్పుకుని పడుకోండి.

ఇంకొక సంగతి. యిర్మీయా ఆ పొలంలో ఎన్నడూ ఇల్లు కట్టుకోలేదు. పట్టణం పడిపోయాక అతనిని తన వాళ్లే ఐగుప్తుకు తీసుకుపోయారు. లాభం లెక్క చూస్తే అది నష్టపు బేరమే. ఆ బేరం విలువ తరువాతి తరాల ఆశలో ఉంది. మనమూ ఇంటిని రెండేళ్లలో రెట్టింపు అయ్యే సరుకుగా చూడటం మొదలుపెడితే, ధర పడిన రోజున మన మనసూ పడిపోతుంది. ఉండటానికి కొన్న ఇల్లు, కాగితం సరిగా ఉండి, వాయిదా మన శక్తిలో ఉంటే, సంత ధర ఏమైనా ఆ రాత్రి మనకు నీడనిస్తుంది. తొలి ఇల్లు కొనేవారు వేసుకోవలసిన ప్రశ్న "ధర పెరుగుతుందా?" అన్నది కాదు. "ఇది నిజమైనదేనా? ఇది మా శక్తిలో ఉందా? ఇందులో మేము శాంతిగా బతకగలమా?" అన్నవి. మూడింటికీ అవునన్న జవాబు వస్తే, సంతలో ఎన్ని పుకార్లు లేచినా భయపడి మానవద్దు. ఒక్కదానికి కాదన్న జవాబు వచ్చినా, ఎంత అగ్గువకు వచ్చినా ఆశపడి కొనవద్దు.

కొనలేనివారికి

ఈ మాటలు చదువుతూ, "మాకు ఈ జన్మలో అది కుదరదు" అని నిట్టూర్చేవారు ఉన్నారు. మీకు కూడా దేవుని వాక్యంలో చోటుంది. అపొస్తలుల కార్యముల గ్రంథం చివరి అధ్యాయం చూడండి. పౌలు రోమాపురిలో రెండేళ్లపాటు అద్దె ఇంట్లో ఉండి, తన వద్దకు వచ్చిన వారందరినీ చేర్చుకుని దేవుని రాజ్యం గురించి బోధించాడు. ఆ పుస్తకమే ఒక అద్దె ఇంట్లో ముగుస్తుంది! అద్దె ఇల్లు కూడా ప్రార్థనా మందిరం కాగలదు. ఇల్లు కొనలేకపోయిన తండ్రి ఓడిపోయిన తండ్రి కాడు. పిల్లల ముందు అలా మాట్లాడుకోవద్దు. సొంత ఇల్లు లేదని సంబంధాలు తిప్పికొట్టే కుటుంబాలు మన విచారణలలోనూ ఉన్నాయి. తల దాచుకోవడానికి చోటు లేదన్న ప్రభువును ఆరాధించే మనకు అది తగునా?

అమ్మేవారికి, ఇల్లున్నవారికి

మన విశ్వాసులలో స్థలాలు అమ్మేవారూ, మధ్యవర్తులూ ఉన్నారు. నిజాయితీగా చేస్తే అది గౌరవమైన వృత్తి. కాని చెరువు గీత ఎక్కడుందో తెలిసి దాచిపెట్టడం, వివాదం ఉందని తెలిసి "అంతా క్లియర్" అనడం వ్యాపార చాతుర్యం కాదు, దొంగతనం. అది ఒక ఆయా జీవితకాలపు జీతాన్ని దొంగిలించడం. జక్కయ్య ఇంటికి రక్షణ వచ్చిన రోజున అతడు కేవలం కన్నీరు కార్చలేదు. మోసం చేసి తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. పాపసంకీర్తన గూడులో మోకరించే ముందు ఆ లెక్క కూడా చూసుకోవాలి.

ఇక ఇల్లున్న మనం చెయ్యగలిగింది చాలా ఉంది. విచారణలో ఒక న్యాయవాది, ఒక బ్యాంకు ఉద్యోగి, రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషి ఉంటారు. నెలకొక ఆదివారం పూజ తరువాత ఒక గంట కూర్చుని, ఇల్లు కొనదలచిన కుటుంబాల కాగితాలు చూసిపెట్టండి. ఆ గంట సేపు మీరు వేసే ఒక్క ప్రశ్న ఒక కుటుంబాన్ని 20 ఏళ్ల కన్నీటి నుంచి తప్పించవచ్చు. అద్దెకిచ్చే ఇల్లున్నవారు కులమూ, మతమూ అడగకుండా ఇవ్వండి. గోడకు మేకు కొట్టుకోనివ్వండి.

ఈ వారం తీర్మానం

ఇల్లు కొనే ఆలోచనలో ఉన్న దంపతులు ఒక సాయంత్రం టీవీ కట్టేసి, యిర్మీయా 32వ అధ్యాయం కలిసి చదవండి. తరువాత ఒక కాగితం మీద మీ రాబడి, అప్పులు, పొదుపు నిజాయితీగా రాసుకోండి. పిల్లలు పెద్దవారైతే వారినీ కూర్చోబెట్టండి. ఇప్పటికే ఇల్లున్నవారు మీ డాక్యుమెంట్లు ఎక్కడున్నాయో చూసి, నకళ్లు తీసి, ఇంట్లో మరొకరికి చెప్పండి. బారూకు మట్టికుండను మరువకండి.

ప్రార్థన: సర్వేశ్వరా, మా పరలోక తండ్రీ, నీ కుమారునికి నజరేతులో ఒక చిన్న ఇంటిని ఇచ్చితివి. తలుపుకు సొంత తాళం వేసుకోవాలని ఆశపడే ప్రతి కుటుంబాన్నీ దీవించుము. వారిని మోసగాళ్ల నుండి, తొందర నుండి, భయం నుండి కాపాడుము. వరదలో ఇల్లు పోగొట్టుకున్నవారికి, కూల్చివేతలో నీడ పోగొట్టుకున్నవారికి మా చేతుల ద్వారా ఆదరణ కలిగించుము. అద్దె ఇళ్లలోను, సొంత ఇళ్లలోను నీ శాంతి నివసించునుగాక. మరియ తల్లి, పునీత జోజప్ప గారు మా కొరకు వేడుకొందురుగాక. మా ప్రభువైన క్రీస్తు ద్వారా ఈ మనవులు చేయుచున్నాము. ఆమెన్.